పగ్గా? పామరేనియనా?



పిల్లలు దూరదేశాలు వెళ్లాక, మన నాదర్‌గుల్ ఇళ్లలో తోడుగా చిన్నకుక్కను తెచ్చుకుందామనుకోవడం సహజం. పగ్గా, పామరేనియనా అన్నదే ప్రశ్న.

2003లో హచ్ ఫోను ప్రకటన వచ్చాక పగ్ మీద మోజు పెరిగింది. అది నెమ్మదైనది, మొరుగుడు తక్కువ. అయితే కుక్క రొప్పుతూ ఒంటివేడి తగ్గించుకుంటుంది. పగ్‌కు ముక్కు పొట్టి కనుక ఆ పని సరిగా సాగదు. మన మే నెల ఎండ దాని ప్రాణం మీదికి తేవచ్చు.

మనం పామరేనియన్ అని పిలిచేది చాలావరకు ఇండియన్ స్పిట్జ్. మన ఎండలకు కొంత అలవాటుపడిన జాతి. బొచ్చు దువ్వే పని ఉంటుంది. గేటు చప్పుడైతే చాలు, మొరుగుతుంది. ఇద్దరే ఉండే ముసలి దంపతులకు ఆ మొరుగుడే కాపలా. అందుకే నా ఓటు దీనికి.

ఏదైనా సరే, కాళ్లకు అడ్డంపడుతుంది. మెడలో మువ్వ కట్టండి. రేబిస్ టీకా ఏటా వేయించండి.

అసలు సంగతి వేరే ఉంది. ఇవి 12, 13 ఏళ్లు బతుకుతాయి. మనకు డెబ్బై దాటాయి. పింఛను కాగితాల్లో నామినీ పేరు రాసినట్టే, మన తరువాత దాన్ని సాకేదెవరో ముందే మాట తీసుకోవాలి. ఆ మాట దొరక్కపోతే పొరుగింటి కుక్కనే పలకరించుకుందాం. సెలవు.