చక్రం చెప్పే లెక్క
(ప్లాటినం ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉత్సవానికి వచ్చిన పూర్వ విద్యార్థులలో పలువురు కార్లలో వచ్చినవారే. వారిలో కొందరి కార్లలో స్టీరింగు ప్రక్కన దారి చూపే తెర ఒకటి ఉండే ఉంటుంది. కొందరికి కారు కంపెనీవారే దానిని అమర్చి ఇచ్చి ఉంటారు. మరికొందరు కారు కొన్న తరువాత పట్నంలో ఏదో అంగడిలో బిగింపించుకొని ఉంటారు. ఈ రెండవ రకపు తెరకు వెనుకవైపు తీగల గుత్తి ఒకటి వ్రేలాడుతూ ఉంటుంది. కరెంటుకు, ఎర్తుకు, స్పీకర్లకు పోవలసిన తీగలను బిగించేవాడు తప్పక కలుపుతాడు. కలపకపోతే తెర వెలగదు, పాట రాదు. ఒక్క తీగను మాత్రం పలుచోట్ల చుట్ట చుట్టి, టేపు వేసి, లోపలికి నెట్టివేస్తారు. కారు వేగాన్ని తెరకు తెలియజేయవలసిన తీగ అది. దానిని కలపకపోయినా తెర వెలుగుతుంది, పాట వస్తుంది, దారి కూడ కనిపిస్తుంది. కనుక కొన్నవాడు అడగడు, బిగించినవాడు చెప్పడు. నేటి ప్రసంగం విడిచిపెట్టబడిన ఆ తీగను గురించినది.

దారి చూపే యంత్రానికి ప్రధానాధారం ఆకాశమే. జి.పి.ఎస్. ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తాము పంపిన సమయాన్ని తెలిపే రేడియో సంకేతాలను నిరంతరం పంపుతూ ఉంటాయి. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే, అవి చేరడానికి పట్టిన కాలాన్ని లెక్కగట్టి యంత్రం తానెక్కడ ఉన్నదో గ్రహిస్తుంది. భారతదేశం సైతం ఇట్టి వ్యవస్థనొకదానిని స్వంతముగా నిర్మించుకొన్నది. దాని మొదటి ఉపగ్రహం 2013 జూలై 1న శ్రీహరికోట నుండి నింగికెగసింది; 2016లో ఆ వ్యవస్థకు 'నావిక్' అని నామకరణం జరిగింది.

తిరుమణికి ఆకాశానికి కొదువ లేదు. తిరుమణి, వళ్ళూరు, బాలసముద్రం, క్యాతగానచర్లు, రాయచర్లు గ్రామాల పొలాలను రైతుల వద్ద కౌలుకు తీసుకొని, సుమారు 13,000 ఎకరాలలో సౌరవిద్యుత్ పార్కును నెలకొల్పినది కూడ ఈ ఆకాశాన్ని నమ్మియే. 2018 మార్చి 1న దాని తొలిదశ ప్రారంభమయింది. పూర్తి సామర్థ్యం 2,050 మెగావాట్లు. ఇక్కడి ఆకాశం వానను ఇవ్వడంలో పరమ లోభి గాని, ఎండను, ఉపగ్రహ సంకేతాన్ని ఇవ్వడంలో మాత్రం గొప్ప దాత. చెట్టు చాటు గాని, మేడ చాటు గాని లేని ఈ రోడ్ల మీద తీగ కలపని తెర కూడ చక్కగా పనిచేస్తుంది. లోపం ఇక్కడ బయటపడదు.

అదే కారు బెంగళూరు చేరినప్పుడు కథ మారుతుంది. సిల్కుబోర్డు నుండి ఎలక్ట్రానిక్ సిటీ వరకు దాదాపు పది కిలోమీటర్ల పొడవున ఎత్తైన వంతెన రోడ్డు ఒకటి 2010లో ప్రారంభమయింది. ఆ వంతెన క్రింద సాగే రోడ్డు మీద తలపైనంతా కాంక్రీటు పందిరే. కొంత సంకేతం ఆగిపోతుంది. కొంత ప్రక్క మేడల అద్దాలకు తగిలి, చుట్టు తిరిగి, ఆలస్యంగా చేరుతుంది. ఆలస్యంగా చేరిన సంకేతం యంత్రానికి అబద్ధం చెబుతుంది. తెర మీది బాణం గుర్తు ప్రక్క వీధిలోకి దూకుతుంది. ఒక్కొక్కప్పుడు కదలక నిలిచిపోతుంది. పెద్ద ఆసుపత్రుల నేలమాళిగలలోని పార్కింగులో సంకేతమే ఉండదు. నడిరేయి రోగిని వెంటబెట్టుకొని, నగరపు దారులు తెలియక, తెరనే నమ్ముకొని పోయే పల్లెవాసికి, సరియైన మలుపు దాటిపోయిన తరువాత బాణం కదలడం చిన్న విషయం కాదు. తిరిగి ఆ మలుపుకు చేరడానికి నగరంలో ఎంత చుట్టు తిరగవలెనో పోయినవారికే తెలుస్తుంది.

ఆకాశం మూసుకొన్నప్పుడు యంత్రానికి మిగిలే ఆధారం నేల మీద దొర్లుతున్న చక్రమే. బయలుదేరిన చోటు, సాగిన దిక్కు, సాగిన దూరం, ఈ మూడూ తెలిస్తే చేరిన చోటు తెలిసినట్లే. నడిసంద్రంలో నావికులు శతాబ్దాల తరబడి ఈ లెక్కతోనే ఓడలు నడిపారు. కారులో దిక్కు మారిన సంగతిని తెరలో అమర్చిన గైరోస్కోపు చెబుతుంది. దూరాన్ని చెప్పవలసినది చక్రం; చక్రం మాటను తెరకు చేరవేసేది ఆ తీగ. ఉపగ్రహాల సహాయం లేకుండానే ఈ పద్ధతిలో దారి చూపిన యంత్రాన్ని 1981లో జపానులో హోండా కంపెనీ అమ్మకానికి పెట్టింది. అందులో వాయువుతో పనిచేసే గైరోస్కోపు దిక్కును, చక్రపు భ్రమణం దూరాన్ని చెప్పేవి. పారదర్శకమైన ఫిల్ముపై ముద్రించిన మ్యాపు మీద చుక్క ఒకటి కదిలేది.

చక్రం తిరిగిన చుట్లను లెక్కించి దూరాన్ని తెలుసుకోవడం ఈ సీమకు కూడ పాత విద్యయే. కాలిన్ మెకంజీ పేరు వినగానే తెలుగువారికి స్ఫురించేవి కైఫీయతులు, వాటి సేకరణలో ఆయనకు తోడ్పడిన కావలి సోదరులు. కాని ఆయన ఉద్యోగం భూములను సర్వే చేయడం. 1799లో టిప్పు పతనమైన పిమ్మట మైసూరు రాజ్యపు సర్వే ఆయనకే అప్పగింపబడింది. 1815లో ఆయన భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆ కాలపు సర్వేదారులు దారుల పొడవు తెలుసుకొనుటకు పెరాంబులేటర్ అనే కొలత చక్రాన్ని చేతితో తోసుకుంటూ నడిచేవారు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో దానికి బిగించిన ముల్లు చూపేది. ఆ ముల్లు చేసిన పనినే నేడు కారులోని తీగ చేస్తున్నది.

అయితే తీగలో ప్రవహించేది ఏమిటి? పూర్వపు అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో గేరుబాక్సు నుండి మీటరు వరకు తిరిగే ఉక్కు కేబులు ఉండేది. మీటరులో దాని కొసన ఉన్న అయస్కాంతం తిరుగుతూ అల్యూమినియం గిన్నెను తన వెంట లాగి ముల్లును కదిపేది. అందులో విద్యుత్ సంకేతమంటూ లేదు. తరువాతి కార్లలో గేరుబాక్సు మీదనే స్పీడు సెన్సారు వచ్చింది. అయస్కాంతపు ధ్రువాలు ముందుగా పోయినప్పుడల్లా సెన్సారు నుండి వచ్చే వోల్టేజి ఒకసారి ఎక్కి ఒకసారి దిగుతుంది. ఇట్టి సెన్సార్లు అనేకం హాల్ ఫలితం మీద పనిచేస్తాయి. ఎడ్విన్ హాల్ అనే విద్యార్థి దానిని 1879లో కనుగొన్నాడు. ఒక్కొక్క ఎక్కుదిగుడు ఒక స్పందన. జపాను ప్రమాణాన్ని అనుసరించిన కార్లలో స్పీడోమీటరు కేబులు కిలోమీటరుకు 637 చుట్లు తిరగవలెనని నియమం. చుట్టుకు నాలుగు స్పందనల చొప్పున కిలోమీటరుకు 2,548. అనగా ఒక్కొక్క స్పందనకు కారు ముందుకు జరిగేది సుమారు 39 సెంటీమీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు తీగలో సెకనుకు 42 స్పందనలు వస్తాయి. అన్ని కార్లకూ ఇదే లెక్క అని అనుకోరాదు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. కారు ముందుకు పోయినా వెనుకకు పోయినా సాధారణపు స్పందన ఒక్కటే. వెనుకకు వస్తున్న కారును తెర ముందుకు పోతున్నదిగా భావిస్తుంది. అందువల్లనే రివర్సు దీపానికి పోయే కరెంటు నుండి మరొక తీగను కూడ తెరకు ఇవ్వవలెను. పార్కింగులో నాలుగుమార్లు ముందు వెనుకలు జరిగిన కారుకు ఈ రెండవ తీగ లేకుంటే, బయటికి వచ్చేసరికి లెక్క అంతా తారుమారవుతుంది.

చక్రం కూడ పూర్తి సత్యసంధురాలు కాదు. అరవై సెంటీమీటర్ల వ్యాసం గల టైరు ఒక చుట్టుకు సుమారు 188 సెంటీమీటర్లు సాగుతుంది. అది అరిగి వ్యాసం ఒక్క సెంటీమీటరు తగ్గిందనుకొందాం. చుట్టుకు మూడు సెంటీమీటర్ల పైచిలుకు తగ్గుతుంది. చుట్లు మాత్రం పెరుగుతాయి. పాత లెక్క మీదనే ఉన్న యంత్రం కిలోమీటరుకు దాదాపు 17 మీటర్లు ఎక్కువ చెబుతుంది. హిమాచల్ ప్రదేశ్‌లో 2020లో ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం దాటేసరికి ఆ తేడా 150 మీటర్లు. వృత్తపరిధి సూత్రాన్ని పరీక్ష కోసమే వల్లెవేసే పిల్లవానికి ఇంతకంటె మంచి అభ్యాసం దొరకదు.

ఇట్టి తేడాను సరిదిద్దేది మరల ఆకాశమే. తీగ కలిపిన తరువాత కారును బయలు ప్రదేశంలో, తిన్నని రోడ్డు మీద, కొంతదూరం నడపవలెను. ఉపగ్రహాలు చెప్పిన దూరాన్ని, చక్రం పంపిన స్పందనలను ప్రక్కప్రక్కన పెట్టుకొని, ఎన్ని స్పందనలకు ఎంత దూరమో యంత్రం తనంతట తానే నేర్చుకొంటుంది. బెంగళూరు నడిబొడ్డున బిగించిన తెరకు ఈ పాఠం సరిగా పట్టుబడదు. తిరుమణి పరిసరాల రోడ్లు ఇందుకు ఎంతో అనుకూలమైనవి. నగరంలో అక్కరకు వచ్చే తెలివిని ఆ యంత్రం ఈ బయలులోనే సంపాదించుకోగలదు.

ఇక తీగ కలిపే పని. ఇందులో తొందరపాటు ప్రమాదకరం కనుక కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. తెర వైపు తీగ ఏదో దానితో వచ్చిన కాగితంలో ఉంటుంది. పయనీర్ సెట్లలో అది గులాబి రంగు. కారు వైపు తీగ ఏదన్నది మాత్రం ఆ మోడలు వర్క్‌షాపు మాన్యువల్ చూచియే నిశ్చయించవలెను. రంగును ఊహించి కోయడం మెకానిక్కుల లోకంలో ఒక దురలవాటు. దొరికిన తీగ అదేనా కాదా అని తెలుసుకొనుటకు, ముందు చక్రాలతో నడిచే కారయితే, ఒక ముందు చక్రాన్ని జాకీతో లేపి, తక్కిన చక్రాలకు అడ్డు పెట్టి, గేరును న్యూట్రల్‌లో ఉంచి, ఇగ్నిషను తాళం తిప్పి, లేపిన చక్రాన్ని చేతితో మెల్లగా త్రిప్పాలి. మల్టీమీటరులో వోల్టేజి సున్నకు, అయిదు లేక పన్నెండుకు మధ్య ఎక్కుతూ దిగుతూ ఉంటే అదే తీగ. టెస్టు ల్యాంపును ఇక్కడ వాడరాదు. బల్బు వెలగడానికి కావలసినంత కరెంటును ఇచ్చే శక్తి సంకేతపు తీగకు లేదు. ఆ బరువుకు సెన్సారో, కంప్యూటరో కాలిపోవచ్చు. లారీలకు, ట్రాక్టర్లకు దశాబ్దాలుగా టెస్టు ల్యాంపుతోనే వైద్యం చేసిన చేతులకు ఈ మాట రుచించదు. కాని ఆ వాహనాల తీగలు వేరు, ఈ తీగలు వేరు.

తీగ నిర్ధారణ అయిన పిమ్మట బ్యాటరీ నెగటివు కొసను విప్పి, అప్పుడు పని ప్రారంభించవలెను. కారు తీగను తెంపవలసిన పని లేదు. పైతొడుగును కొద్దిగా ఒలిచి, కొత్త తీగను చుట్టి, సోల్డరు చేసి, గట్టిగా ఇన్సులేషను వేయవలెను. ఉత్త మెలిక వేసిన అతుకు గతుకుల రోడ్డు మీద ఎన్నాళ్ళో నిలువదు. పసుపుపచ్చ తొడుగులో పోయే తీగల జోలికి ఎంతమాత్రం పోరాదు; అవి ఎయిర్‌బ్యాగులవి. అదే విధంగా చక్రాల వద్ద ఉండే ఎ.బి.ఎస్. సెన్సార్ల తీగలను తాకరాదు. 2019 ఏప్రిల్ నుండి దేశంలో తయారయ్యే కొత్త కార్లన్నిటికీ ఎ.బి.ఎస్. తప్పనిసరి. అట్టి కార్లలో అనేకం వేగాన్ని స్పందనల రూపంలో విడిగా ఇవ్వవు. లోపలి కంప్యూటర్లు తమలో తాము మాటలాడుకొనే తీగల జంట ద్వారా అంకెల రూపంలో పంపుతాయి. వాటికి ఆ అంకెలను స్పందనలుగా మార్చి ఇచ్చే చిన్న పెట్టెను కొనవలసిందే. ఆ ఖర్చు తప్పించుకోవాలని బ్రేకుల తీగను గీకడం కంటె, తెరను తీగ లేకుండా వాడుకోవడమే మేలు.

తల్లిదండ్రులు గమనించవలసిన సంగతి మరొకటి ఉన్నది. వేగపు తీగ ఒక్క తెర కోసమే పుట్టినది కాదు. మీటరు ముల్లు, ఇంజను కంప్యూటరు, బస్సులు లారీలయితే వేగాన్ని హద్దులో ఉంచే స్పీడు గవర్నరు, ఇవన్నీ తరచు ఆ సంకేతం మీదనే ఆధారపడి ఉంటాయి. పాటల పెట్టెను బిగించే తొందరలో ఎవరో ఆ తీగను ఎర్తుకు తగిలిస్తే, పిల్లలనెక్కించుకొన్న బస్సులో గవర్నరుకు బస్సు నిలిచి ఉన్నట్లే తోచవచ్చు. 2019 జనవరి 1 నుండి రిజిస్టరైన ప్రజారవాణా వాహనాలకు, ఆటోల వంటివి మినహాగా, వాహనం ఎక్కడ ఉన్నదో తెలిపే పరికరం, ఆపదలో నొక్కే మీట తప్పనిసరి చేయబడ్డాయి. అంటే ఇట్టి సున్నితపు పని ఇకమీదట పెరుగుతుందే గాని తరగదు. పిల్లలను బస్సెక్కించే తండ్రి డ్రైవరును వేగం గురించి అడిగినట్లే, బస్సుకు ఈ మధ్య కొత్తగా ఏమి బిగించారని కూడ అడగవచ్చు.

ఈ పనికి తగిన చదువు ఇంగ్లీషు మాధ్యమంలోనే దొరుకుతుందన్న అభిప్రాయం కొందరు తల్లిదండ్రులలో ఉన్నది. అది సరికాదు. అయస్కాంతం, విద్యుత్ ప్రవాహం, వోల్టేజి, వృత్తపరిధి, ఇవన్నీ తెలుగు పుస్తకాలలో ఉన్న పాఠాలే. వర్క్‌షాపు మాన్యువల్ ఇంగ్లీషులో ఉంటుంది, నిజమే. కాని అందులో చదవవలసినవి రంగుల పేర్లు, కొన్ని అంకెలు, ఒక బొమ్మ. ఓమ్ నియమాన్ని తెలుగులో గ్రహించినవానికి ఆ బొమ్మను చదవడం కొద్ది దినాల పని. ఇంగ్లీషు ధారాళంగా మాటలాడుతూ టెస్టు ల్యాంపుతో కంప్యూటరును కాల్చేవాని కంటె వాడే నయం. ఈ ప్రాంతపు యువకులు సౌరపార్కులోను, బెంగళూరు షెడ్లలోను, సరిహద్దుకు ఆవల పెనుకొండ వద్ద 2019లో ప్రారంభమైన కియా కార్ల కర్మాగారం వంటి చోట్లను జీవనోపాధి వెదకుకోవలసిన కాలమిది. పాఠశాల ప్రయోగశాలలో ఒక మల్టీమీటరు, ఒక పాత స్పీడు సెన్సారు, ఒక సైకిలు చక్రం ఉంటే ఈ పాఠమంతా ఒక్క పూటలో చూపవచ్చు. పూర్వ విద్యార్థులలో షెడ్డు నడుపుతున్నవారు తీసి పారవేసే సెన్సార్లను పాఠశాలకు పంపితే చాలు.

తెర బిగింపించుకొని ఉన్నవారు సెట్టింగులలోకి పోయి చూస్తే, చాల సెట్లలో స్పీడు పల్సు లెక్క కనిపించే పుట ఒకటి ఉంటుంది. ప్రక్కన కూర్చున్నవారు చూస్తుండగా కారు కదిలినప్పుడు అక్కడి అంకె పెరిగితే తీగ కలిపి ఉన్నట్లు. సున్న వద్దనే నిలిచి ఉంటే, అది డాష్‌బోర్డు వెనుక టేపు చుట్టుకొని పడి ఉన్నదన్నమాట. టైర్లు మార్చిన ప్రతిసారీ అదే పుటలో పాత లెక్కను చెరిపి, ఆకాశం విశాలంగా కనిపించే రోడ్డు మీద, తిరుమణి నుండి పావగడకు పోయేటప్పుడైనా సరే, మరల కొంతదూరం నడిపించవలెను.