బూడిద ఇటుక - పొలము మన్ను
(వేటపాలెములో గ్రామపంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగపాఠము)



పారవేయు వస్తువులో పనికివచ్చు గుణమున్నదని ఈ ప్రాంతమువారికి మేము క్రొత్తగా చెప్పనక్కరలేదు. జీడిపిక్కలోని పప్పు తీసిన పిమ్మట పైపెంకునుండి నూనె తీయుదురు. నూనెపోగా మిగిలిన పిప్పి పొయ్యిలో ఇంధనమగును. అట్టి మరియొక వస్తువును గూర్చి నేడు మనవిచేయ దలచితిమి. అది బొగ్గుబూడిద.

ఇబ్రహీంపట్నమువద్దనున్న థర్మల్ విద్యుత్కేంద్రములో 1979వ సంవత్సరమున మొదటి యూనిట్ పనిచేయ నారంభించినది. మన దేశపు బొగ్గులో సామాన్యముగా నూటికి 30 నుండి 45 పాళ్లు బూడిదయే. దీపము మన యింటికి వచ్చును. బూడిద అక్కడనే మిగులును. దానిని గుట్టలుగా విడిచినచో గాలికి లేచి ఊళ్లమీదను పైరులమీదను పడును.

రెండవవైపు చూడుడు. ఎఱ్ఱ ఇటుకకు వలసిన మన్ను పలుచోట్ల పొలముల పైపొరనుండియే వచ్చుచున్నది. ప్రత్తికిని మిరపకును సారమిచ్చునది ఆ పైమన్నే. చేతి యవసరమునకు రైతు దాని నొకయేడు అమ్ముకొనును. ఆ పొలము తిరిగి కోలుకొనుటకు ఎన్నో యేండ్లు పట్టును. ఇటుకబట్టీకి కావలసిన బొగ్గు, కట్టె వేరు.

ఈ రెండు చిక్కులకును ఒక్కటే ఉపాయము కలదు. విశాఖపట్టణమునకు చెందిన ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ గారలు బూడిద, సున్నము, జిప్సము కలిపి ఇటుకచేయు విధానమును రూపొందించిరి. దీనినే ఫాల్-జి అందురు. తడి తగిలినప్పుడు సున్నము బూడిదలోని సిలికా, అల్యూమినాలతో కలిసి గట్టిపడును. జిప్సము ఆ బిగువు త్వరగా వచ్చునట్లు చేయును. బట్టీ అక్కరలేదు, మంట అక్కరలేదు. సున్నమునకు మారుగా సిమెంటు కలుపువారును కలరు.

కేంద్ర ప్రభుత్వము 1999 సెప్టెంబరు 14వ తేదీన బూడిద వినియోగముపై తొలి ప్రకటన చేసినది. 2021 డిసెంబరు 31వ తేదీ ప్రకటన ననుసరించి, థర్మల్ కేంద్రమునకు 300 కిలోమీటర్లలోపల కట్టడములు కట్టువారు బూడిద వస్తువులను వాడవలెను. అయితే వాని ధర తక్కినవాని ధరను మించియుండరాదు. వేటపాలెము ఆ హద్దులోనిదే.

అయినను, బూడిద ఇటుక యన్నంతమాత్రమున కన్నుమూసి కొనుడని మేము చెప్పుట లేదు. మేము చూచిన యొక యూరిలో, సరిగా తడుపని పచ్చి ఇటుకతో ప్రహరీ లేపిరి. రెండు వానలకే అంచులు రాలినవి. ఊరివారు నిందించినది తొందరపడి అమ్మినవానిని కాదు, బూడిదను! ఒక్క చెడ్డ గోడ పది మంచి గోడలకు అడ్డుపడును.

కావున కొనుటకు ముందు మీరే పరీక్షింపుడు. అచ్చునుండి తీసిన పిదప ఎన్నిదినములు తడిపిరో అడుగుడు. రెండు మూడు వారములు తడుపని సరుకును ముట్టవలదు. బాగుగా ఎండిన ఇటుకను తూచి, 24 గంటలు నీట నానబెట్టి, పైతడి తుడిచి మరల తూచుడు. సాధారణ తరగతి ఇటుకకు బరువు నూటికి 20 వంతులకు మించి పెరుగరాదు. అనగా 3 కిలోల ఇటుక నానిన పిమ్మట 3 కిలోల 600 గ్రాములు దాటరాదు. బలమును మాత్రము ప్రయోగశాలలో పరీక్షింపించి, ఆ పత్రము చూచిన తరువాతనే సొమ్ము చెల్లింపుడు. పొడి బూడిద ఎత్తు కూలీల ముక్కుకు గుడ్డ కట్టించుటయు మరువవలదు.

బడిగది, అంగన్‌వాడి, మురుగుకాలువ - ఏది తలపెట్టినను, అంచనా వ్రాయునాడే ఇటుకను గూర్చి మీ సమావేశమున చర్చించి తీర్మానింపుడు. గుత్తదారు సరుకు దింపిన పిదప చర్చించి లాభములేదు. మీ పిల్లలకు బడిగోడ యెంత అవసరమో, ఆ పిల్లలు రేపు దున్నవలసిన పొలములో మన్ను నిలుచుటయు అంత అవసరము. ఆ రెంటిని కాపాడు బాధ్యత మీ చేతులలో నున్నది.