పన్ను కదిలిన రోజునే...



కదులుతున్న దవడపన్నును లవంగనూనెతో ఆరు నెలలు నెట్టుకొచ్చాను. పెద్దవయసులో పళ్లు ఊడడం మామూలేగా అనుకున్నాను. బుగ్గ వాచాక గాని డాక్టరుగారి దగ్గరకు వెళ్లలేదు. పన్నును పోగొట్టేది వయసు కాదు, పుచ్చూ చిగుళ్ల జబ్బూ అని ఆయన చెప్పారు. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్లు త్వరగా చెడతాయి. పుచ్చు నరం దాకా పోయినా చాలాసార్లు రూట్ కెనాల్‌తో పన్ను నిలుస్తుంది. దాన్ని పట్టుకున్న ఎముకే కరిగిపోతే తీయక తప్పదు. నా పన్ను సంగతి అదే అయింది.

పైగా రక్తం ఆగదేమోనని, గుండెకు వేసుకునే ఆస్పిరిన్ నా అంతట నేనే మానేసి వెళ్లాను. "చిగురు రక్తం దూది ఒత్తితే ఆగుతుంది, గుండెపోటు అలా ఆగుతుందా?" అని మందలించారు.

మీ మందుల చీటీ ముందే చూపించండి. దేనినీ సొంతంగా మానకండి. పన్ను కదిలిన రోజునే వెళ్లండి. సెలవు.