ఓటు మన పేటకి ఎప్పుడొచ్చింది?

(నెల్లిమర్లలో జరిగిన మహిళల సభలో ఒక కార్యకర్త ప్రసంగ పాఠం)

 

ఆడవాళ్లకి ఓటు ఎవరిచ్చారని అడిగితే తెల్లోళ్లని ఒకరంటారు, కాంగ్రెసని ఇంకొకరంటారు. ఆ రోజుల్లో మన నెల్లిమర్ల మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1917 డిసెంబరులో సరోజినీ నాయుడు ముందుండగా కొందరు మహిళలు మద్రాసులో మాంటేగు దొరని కలిసి ఓటు అడిగారు. 1919 చట్టం ఆ సంగతి తేల్చకుండా ఇక్కడి శాసనసభల మీదకి తోసేసింది. 1921 ఏప్రిల్ 1న మద్రాసు శాసనసభ, ఆడదన్న కారణంతో ఓటు కాదనకూడదని తీర్మానించింది. తెల్లోళ్ల ఏలుబడిలోని రాష్ట్రాల్లో ఇదే మొదలు. గొప్ప సంగతే, కాదనను.

కానీ ఏ ఆడదానికి? శిస్తు కట్టే భూమో పన్ను కట్టే ఆస్తో ఉంటేనే ఓటు. చంపావతి ఒడ్డున ఉభాలు వేసిందీ, కోతలు కోసిందీ మన తల్లులే. శిస్తు రసీదు మాత్రం కామందు పేరు మీద! 1935 చట్టం చదువొచ్చిన ఆడవాళ్లకీ, ఆస్తి మీద ఓటున్న మగాళ్ల పెళ్లాలకీ కూడా ఇచ్చింది. మొగుడికే ఓటు లేదు, బడి గుమ్మం ఎక్కనివ్వలేదు. మనకేటి ఒరిగిందర్రా?

ఆస్తి చూడొద్దు, వయసొచ్చిన ఆడామగా అందరికీ ఓటివ్వండని 1928లోనే సైమన్ కమిషన్‌ని అడిగింది బాబాసాహెబ్ అంబేడ్కర్. తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్న ఒకే ఒక్క దళిత మహిళ దాక్షాయణీ వేలాయుధన్. ఆమె వెళ్లింది మన మద్రాసు నుంచే. 1950లో వచ్చిన రాజ్యాంగం 326వ అధికరణంలో ఆస్తి అడ్డు తీసేసింది. మన పేటలకి ఓటొచ్చింది అప్పుడు.

అప్పుడైనా సజావుగా రాలేదు. 1951-52 ఎన్నికల్లో సొంత పేరు చెప్పక, ఫలానా వాడి పెళ్లాన్ని, ఫలానా వాడి తల్లిని అన్న పాపానికి దేశంలో సుమారు 28 లక్షల మంది మహిళల పేర్లు జాబితాల్లోంచి పోయాయి. ఎక్కువమంది ఉత్తరాది వాళ్లు. మా మామ్మ కథ వేరు. తన పేరు చెప్పింది గానీ మొగుడి పేరు నోట పలకదు కదా! పక్కింటావిణ్ణి అడగమంది. ఆవిడ కంగారులో మా తాత తమ్ముడి పేరు చెప్పేసింది. మామ్మ మరిది పెళ్లామై ఓటేసొచ్చింది. చచ్చేదాకా ఆ మాటకి నవ్వేది.

ఇప్పుడు నవ్వుకునే పని కాదు. కోడళ్ల పేర్లు పుట్టింటి ఊళ్లోనే ఉండిపోతున్నాయి. కొత్త పేరుకి ఫారం 6, తప్పు దిద్దడానికైనా ఊరు మార్చడానికైనా ఫారం 8. రెండూ తెచ్చాను. జాబితా చదువుతాను, పేరు లేనివాళ్లు చెయ్యెత్తండి. మొగుడి పేరు కాదు, మీ పేరు చెప్పండి.