కొనడం మానే ముందు



కష్టపడండి, పైకి రండి అని చెప్పి కూర్చోవడం మీరు పట్టాలందుకునే ఈ రోజున అతిథులకు ఆనవాయితీ. అది మీకు ఇంట్లో రోజూ చెబుతూనే ఉన్నారు కాబట్టి నేను వేరే సంగతి ఎత్తుకుంటాను. ఇకనుంచి మీలో చాలామంది చేతిలో సొంత సంపాదన ఆడుతుంది. దాన్ని ఎక్కడ ఖర్చుపెట్టకూడదో చెప్పేవాళ్లు ఇప్పటికే తయారుగా ఉన్నారు. ఫలానా కంపెనీ ఆ పార్టీది, దాని సరుకు కొనొద్దు. ఫలానా సినిమావాళ్లు మన నాయకుణ్ణి అన్నారు, టికెట్ కొనొద్దు. పదిమందికి పంపండి. తెలంగాణ సరిహద్దున ఉన్న మన బిలోలిలో అయితే ఇలాంటి మెసేజ్ మరాఠీలో ఒకటి, మంజీర అవతలి చుట్టాల నుంచి తెలుగులో ఒకటి వస్తుంది. మాట వినాలా, నవ్వి ఊరుకోవాలా అన్నది చిన్న విషయమేం కాదు.

ముందు ఒక మాట. కొనకపోవడం, వెళ్లకపోవడం, చేరకపోవడం గౌరవప్రదమైన పనులే. మీ విశ్వవిద్యాలయానికి పేరిచ్చిన స్వామి రామానంద తీర్థ, 1938లో నిజాం ప్రభుత్వం నిషేధించిన స్టేట్ కాంగ్రెస్ కోసం సత్యాగ్రహం చేసి జైలుకెళ్లారు. ఆ ఏడాది చివర్లోనే ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడొద్దన్నందుకు విద్యార్థులు తరగతులు మానేశారు. మన ఔరంగాబాద్ కాలేజీ పిల్లలూ అందులో ఉన్నారు. పేర్లు కొట్టేస్తే నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్లకు చోటిచ్చింది. అలా అక్కడ చదువుకున్నవారిలో పీవీ నరసింహారావు ఒకరు. అంతకు ముందు 1907లో, బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి వెళ్లాక, వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్న విద్యార్థుల మీద వేటు పడింది. వారిలో ఒకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుకు కాలేజీ తలుపులు మూసేశారు.

వీళ్లందరిలో గమనించాల్సింది ఒకటుంది. కాదన్నది వాళ్లు, నష్టపోయిందీ వాళ్లే. ఎదురుగా ఉన్నది ప్రభుత్వం. ఏం అడుగుతున్నారో కూడా స్పష్టంగా తెలుసు.

ఇప్పటి బహిష్కరణల్ని దీని పక్కన పెట్టి చూద్దాం. 2010 సంక్రాంతికి 'అదుర్స్' సినిమా వచ్చింది. నిర్మాత వల్లభనేని వంశీ అప్పట్లో కృష్ణా జిల్లా టీడీపీ నాయకుడు. తెలంగాణ ఉద్యమం మంచి వేడి మీదుంది. సినిమా ఆడనివ్వమని ఉద్యమకారులు అడ్డుపడ్డారు. 2013లో సమైక్యాంధ్ర ఉద్యమం వచ్చేసరికి అదే పని అవతలివాళ్లు చేశారు, సినిమాల విడుదలలు వాయిదాపడ్డాయి. 2025 ఫిబ్రవరిలో 'లైలా' సినిమా వేదిక మీద ఒక నటుడు మేకల లెక్క చెబుతూ పదకొండు అన్నాడు. 2024 అసెంబ్లీ ఎన్నికల్లో వైఎస్సార్‌సీపీకి వచ్చిన సీట్లూ పదకొండే. సినిమా చూడొద్దంటూ ఆ పార్టీ అభిమానులు విరుచుకుపడ్డారు. ఆ మాటతో సంబంధం లేని హీరో విష్వక్ సేన్, నిర్మాత ప్రెస్‌మీట్ పెట్టి క్షమాపణ చెప్పుకున్నారు. సినిమా పోయింది. బహిష్కరణ వల్ల పోయిందా, బాగోలేక పోయిందా అంటే ఎవరి లెక్క వాళ్లది.

ఆట ఆగితే రాష్ట్ర విభజన ముందుకూ జరగదు, వెనక్కీ జరగదు. హాలు లీజుకు తీసుకున్నవాడు, క్యాంటీన్‌లో సమోసాలు అమ్మేవాడు, సైకిల్ స్టాండ్‌లో చీటీలు చించేవాడు మాత్రం ఆ వారం ఖాళీ చేతులతో ఇంటికి పోతారు.

సినిమా సంగతి వదిలేద్దాం, కంపెనీ నిజంగానే నాయకుడిది అయితే? హెరిటేజ్ పాల కంపెనీని 1992లో స్థాపించింది చంద్రబాబు నాయుడే. అందులో దాపరికం లేదు. ఆయన రాజకీయం నచ్చనివాళ్లు ఆ పాలు కొనకపోతే తప్పు పట్టలేం. కానీ ఆ పాలు పోసిన రైతు ఏ గుర్తుకు ఓటేశాడో ప్యాకెట్ మీద రాసి ఉండదు. భారతి సిమెంట్ జగన్ కుటుంబానిదని వద్దనుకునేవాళ్లూ ఉన్నారు. 2010లోనే అందులో 51 శాతం వాటా ఫ్రాన్స్‌కు చెందిన వికా కంపెనీ చేతికి వెళ్లింది. కోపం పులివెందుల మీద, దెబ్బలో సగానికి పైగా ఫ్రాన్స్‌కు.

ఇంకో వైపు చూడండి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎన్నికల బాండ్లను కొట్టేసింది. మార్చిలో లెక్కలు బయటపడ్డాయి. హైదరాబాద్‌లోని మేఘా ఇంజనీరింగ్ 966 కోట్ల రూపాయల బాండ్లు కొని దేశంలో రెండో స్థానంలో నిలిచింది. అవి బీజేపీకి, బీఆర్ఎస్‌కు, డీఎంకేకు, వైఎస్సార్‌సీపీకి, టీడీపీకి కూడా అందాయి. మన గోదావరి మీదే, కిందికి పోతే, కాళేశ్వరం పంపుహౌసుల్లో చాలావాటిని కట్టింది ఆ కంపెనీయే. దాన్ని బహిష్కరించాలంటే మీరేం మానేస్తారు? బోధన్ బజారులో అది అమ్మే సరుకేం లేదు. పార్టీలకు పెద్ద మొత్తాలు ఇచ్చేవాళ్లలో చాలామంది మన సంచీకి అందరు. అందేది సందు చివరి దుకాణం. అందుకే కోపం ఎప్పుడూ దాని మీదికే పోతుంది. పెద్దవాళ్ల సంగతి తేల్చాల్సింది చట్టం, కోర్టు, పత్రిక, ఓటు. ఆ బాండ్ల గుట్టు రట్టు చేసింది కోర్టుకెక్కినవాళ్లే గాని, ఏ సరుకో మానేసినవాళ్లు కాదు.

ఇలా చేతికి అందేవాళ్ల మీదికి కోపం మళ్లినప్పుడు ఏమవుతుందో మన ప్రాంతానికి కొత్తగా చెప్పక్కర్లేదు. మంజీర దాటితే నిజామాబాద్ జిల్లా. అక్కడా, నిర్మల్, జగిత్యాల వైపూ గ్రామాభివృద్ధి కమిటీలు మాట వినని కుటుంబాలను వెలేసిన వార్తలు చూస్తూనే ఉన్నాం. కిరాణా ఇవ్వొద్దు, పనికి పిలవొద్దు, మాట్లాడితే జరిమానా. 1991లో గుంటూరు జిల్లా చుండూరులో దళితులను ముందు పనుల నుంచి వెలేశారు. ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపారు. బొంబాయి ప్రభుత్వం వేసిన స్టార్ట్ కమిటీలో అంబేడ్కర్ సభ్యులు. దళితులను అణచడానికి సాంఘిక బహిష్కరణ బాహాటమైన దౌర్జన్యం కన్నా పదునైన ఆయుధమని 1930లోనే ఆ కమిటీ రాసింది. మన మహారాష్ట్ర 2016లో దీని మీద ప్రత్యేక చట్టం చేసింది. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా.

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఇదీ. వద్దనుకుంటే మీరు కొనడం మానుకోండి, ఎందుకు మానుకున్నారో నలుగురికీ చెప్పండి. పక్కవాణ్ణి కొననివ్వకుండా గుమ్మం దగ్గర నిలబడొద్దు. మానే ముందు చూసుకోండి: అక్కడ నిర్ణయం తీసుకునేది ఎవరు, దెబ్బ తగిలేది ఎవరికి? వాళ్లు ఏం చేస్తే మళ్లీ కొంటారు? దీనికి జవాబు లేకపోతే మీది కోరిక కాదు, కక్ష. మానడం వల్ల మీకేమైనా ఖర్చవుతోందా? గల్వాన్‌లో 2020 జూన్‌లో సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు అమరుడయ్యాక చైనా సరుకు వద్దన్న మెసేజ్‌లు చైనా ఫోన్ల నుంచే వెళ్లాయి. ఆ ఏడాది ఐపీఎల్ స్పాన్సర్‌షిప్ నుంచి తప్పుకున్న చైనా ఫోన్ల కంపెనీ వివో, మరుసటి ఏడాదికే తిరిగొచ్చింది. ఖర్చు లేని పట్టుదల అంతకాలమే ఉంటుంది.

చివరగా, మీలో కొందరు రేపు కౌంటర్‌కు అవతలి వైపు కూర్చుంటారు. మందుల షాపు పెడతారు, విత్తనాలు అమ్ముతారు, బ్యాంకులో అప్పు కాగితాలు చూస్తారు. మీ దగ్గరికి వచ్చేవాడి జెండా మీది కాకపోవచ్చు, భాషా మీది కాకపోవచ్చు. వాడికీ అదే తూకం, అదే ధర, అదే మర్యాద ఇవ్వండి. మీ అభిప్రాయం మీరు దాచుకోనక్కర్లేదు, దాన్ని బిల్లులో మాత్రం కలపకండి. ఇలా నడిచే వ్యాపారాన్ని ఎవరైనా బహిష్కరించమంటే, వద్దని చెప్పడానికి ఊళ్లో పదిమంది లేస్తారు.