పెద్ద మొత్తానికి చెక్కా, ఆర్‌టీజీఎస్సా?

సత్యవేడు, వరదయ్యపాళెం వైపు పరుచుకున్న శ్రీ సిటీలో ఇసుజు వాహనాలు, డైకిన్ ఏసీలు తయారవుతాయి. అలాంటి చోట ఫ్యాక్టరీకి విడిభాగాలు వేసే చిన్న వ్యాపారికి లక్షల బిల్లు ఎలా అందుతుందన్నది చిన్న ప్రశ్నేమీ కాదు.

రిజర్వు బ్యాంకు 2004లో తెచ్చిన ఆర్‌టీజీఎస్‌లో కనీసం 2 లక్షలు పంపాలి. 2020 డిసెంబరు 14 నుంచి అది ఆదివారాలూ, అర్ధరాత్రీ నడుస్తోంది. సొమ్ము మామూలుగా అరగంటలోపే జమవుతుంది. జమయ్యాక వెనక్కి లాగడం కుదరదు, చిక్కంతా అక్కడే. బ్యాంకు ఖాతా నంబరునే నమ్ముతుంది. ‘మా ఖాతా మారింది’ అని సరఫరాదారు పేరుతో దొంగ మెయిల్ వస్తే? ముందునుంచీ తెలిసిన నంబరుకు ఫోన్ చేసి అడగాల్సిందే. పంపేముందే ఖాతాదారు పేరు చూసుకునే వీలు కూడా ఇప్పుడు నెట్ బ్యాంకింగ్‌లో ఉంది.

చెక్కు తీరు వేరు. 3 నెలలే చెల్లుతుంది, ఇచ్చినవారు మధ్యలో ఆపించనూవచ్చు. డబ్బు లేక బౌన్సయితే మాత్రం నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడొచ్చు. హామీగా చెక్కు అడిగే అలవాటు ఇంకా పోకపోవడానికి ఆ భయమే కారణం.

50 వేలు, ఆపై చెక్కుల వివరాలను ముందే బ్యాంకుకు తెలిపే ‘పాజిటివ్ పే’ 2021 జనవరి 1న మొదలైంది. దిద్దిన అంకెలు దీనితో పట్టుబడతాయి.

ఇక భూమి రిజిస్ట్రేషన్. అమ్మేవారికి డిమాండ్ డ్రాఫ్టు (డీడీ) చేతిలో ఉంటే ధైర్యం, బ్యాంకు సొమ్ము ముందే తీసుకుంటుంది కనుక. కాకపోతే నకిలీ డీడీలూ ఉంటాయి. సంతకానికి ముందు, జారీచేసిన శాఖను అడిగి తేల్చుకోవడం మేలు.