చూడిమేక, ముర్రుపాలు
(సంఘసభలో చేసిన ప్రసంగపాఠము)



నేను వర్తకుడను, లెక్కతోనే ప్రారంభింతును. మన గంజాం పల్లెలలో చిన్న కుటుంబమునకు మేక అసలు, పిల్ల వడ్డి. పిల్ల పుట్టిన మూడునాళ్లకే చచ్చినచో ఐదునెలల మేపు వ్యర్థమగును. ఇట్టి నష్టములలో పెక్కు మన చేతులతో ఆపదగినవే.

మేక చూడికాలము సుమారు 150 దినములు. పోతు దాటిన తేదీని గోడమీదనైనను వ్రాసి యుంచుడు. పిండము అధికభాగము చివరి ఆరువారములలోనే పెరుగును. అప్పుడు పచ్చిమేతతోపాటు తవుడు, చెక్క కొద్దికొద్దిగా పెంచి పెట్టవలెను. ఈనుటకు నాలుగు వారములు ముందు చిటుకురోగమునకు, ధనుర్వాతమునకు టీకా వేయించినచో ఆ రక్షణ ముర్రుపాలద్వారా పిల్లకు చేరును. నిండుచూడి మేక మేత మాని మందముగా నిలిచినచో వెంటనే పశువైద్యుని పిలువుడు.

ఈనుటకు పొడిగడ్డి పరచిన, చలిగాలి సోకని చోటు కావలెను. నొప్పులు తీవ్రమై గంట గడచినను పిల్ల రాకున్నచో మోటుగా లాగక వైద్యుని రప్పించుడు. పిల్ల పడగానే ముక్కు, నోటి జిగురు తుడిచి తల్లిని నాకనీయుడు. బొడ్డును రెండంగుళములు విడిచి, దారముతో కట్టి, శుభ్రమైన కత్తితో కోసి, టింక్చరు అయోడిన్ పూయవలెను.

ఇక ముఖ్యవిషయము. మాయ పడువరకు పిల్లకు ముర్రుపాలు ఈయరాదని కొన్ని ఇండ్లలో ఒక మాట కలదు. పెద్దలయెడ గౌరవముతోనే చెప్పుచున్నాను: అది విడువదగిన మాట. రోగములను తట్టుకొను శక్తి గర్భమందుండగా మేకపిల్లకు చేరదు. ముర్రుపాలే దానిని తెచ్చును. ఆ శక్తిని గ్రహించు గుణము పిల్ల ప్రేగులకు గంటగంటకు తగ్గి, ఒక్క దినములో దాదాపు ముగియును. కావున మొదటి గంటలోనే త్రాగించుడు. రెండు కిలోల పిల్లకు మొదటిదినమున సుమారు 200 మిల్లీలీటర్లు, పలుమార్లుగా అందవలెను. పిల్ల పాలు కుడుచుట మాయ పడుటకును సాయమే. 12 గంటలు దాటినను మాయ పడనిచో వైద్యునికి చూపుడు. పడిన మాయను కుక్కలపాలు చేయక లోతుగా పాతుడు. ఈసుకుపోయిన పిండమును ఒట్టిచేతులతో తాకరాదు. అట్టి రోగములలో కొన్ని మనుష్యులకును సోకును.

ఒడియాలోనుండు పశువైద్య సూచనలు మన ముసలమ్మలకు అందవు. చదువుకొన్న పిల్లలు వానిని ఇంట తెలుగున వినిపింపవలెను. చూడి, ముర్రు, మాయ యను మాటలు ఆ తల్లులకు తెలిసినవే. చేరవలసినది ఈ క్రొత్త తెలివిడి మాత్రమే.

సెలవు.